నేల మరిచిన మందు

వరదలూ తుపానులూ ఎన్నికలూ చాలా చూశాను. అవన్నీ ఆ రోజుకి పెద్దవిగా కనిపించి, మర్నాటి పేపరు రాగానే చిన్నవైపోయాయి. జీవితమంతా విలేకరిగా తిరిగిన మనిషికి, తలచుకోగానే ఒంట్లో నీరసం పుట్టించే సంగతి ఒకటైనా మిగులుతుంది. నాకు మిగిలింది మూడు పాలపొడి డబ్బాలూ, వాటిలో మొలిచిన దోసమొక్కలూను. పత్రికల్లోకి కొత్తగా వచ్చేవాళ్ళు చదివితే మేలని రాస్తున్నాను. ఏం మేలో మాత్రం నన్నడక్కండి.

డెబ్బైల మధ్యకాలం. విజయవాడలో ఒక దినపత్రికలో వ్యవసాయ వార్తలు చూసేవాణ్ణి. రాజకీయాలు రాయడానికి పోటీ ఉండేది, సినిమాలు రాయడానికి కొట్లాటే ఉండేది. యూరియా కొరత గురించి రాస్తానని ఎవరూ ముందుకు రాకపోవడంతో అది నా నెత్తిన పడింది. అలవాటయ్యాక దించుకోవాలనిపించలేదు.

ఒక మాఘమాసం రోజున గుడివాడ అవతలి ఊరొకదాన్నుంచి మా గ్రామీణ విలేకరి బస్సులో కవరు పంపాడు. ఒక కౌలురైతు వరిలో కలుపు మందు కొట్టాడట. వరి బాగానే పండిందట గానీ, దాని తర్వాత అదే చేలో వేసిన మినుము ముడుచుకుపోయిందట. మందు నేలలో దిగిపోయిందని, ఇక ఆ నేల దేనికీ పనికిరాదని ఊళ్ళో చెప్పుకుంటున్నారట. ఇంతే. అప్పుడు డెస్కులో కూర్చున్న సబ్ ఎడిటర్ కిళ్ళీ బుగ్గన పెట్టుకుని, రెండు నిమిషాలు పైకప్పు వంక చూసి, శీర్షిక పెట్టాడు: "కలుపు మందుకు నేల బలి". శీర్షికలో బలి అన్న మాట పడితే పేపరు మిగలదని ఆయన నమ్మకం. ఆ రోజు నిజంగానే మిగల్లేదు.

మర్నాడు న్యూస్ ఎడిటర్ గారు పిలిచారు.

"రైతులు ఫోన్లు చేస్తున్నారయ్యా. మందుల కొట్లవాళ్ళు కూడా చేస్తున్నారు. వాళ్ళ గొంతు ఇంకా పెద్దగా ఉంది. ఒకసారి వెళ్ళి చూసిరా. ఒక్కడివే వెళ్ళకు, చదువుకున్నవాళ్ళెవరినైనా వెంటబెట్టుకెళ్ళు."

"నేను చదువుకోలేదాండీ?"

"నీది బి.ఏ. నేను చెప్పేది మట్టి చదువు."

మట్టి చదువు చదివినవాళ్ళలో నాకు తెలిసింది ఒక్కరే. మట్టిలో కంటికి కనిపించని జీవుల మీద పనిచేసే ఒక శాస్త్రవేత్త. బందరు వైపు మిషన్ బడి పంతులుగారి అమ్మాయి. వయసు నలభైకి దగ్గర. నేత చీర, నల్ల గొడుగు, ఎప్పుడూ ఏదో ఒక డబ్బా చప్పుడు చేసే గుడ్డ సంచి. నేను వెళ్ళేసరికే ఆవిడ మా పేపరు చదివి ఉంది.

"నేల చచ్చిపోయిందని రాశారే. నాడి ఎవరు చూశారండీ?"

"అందుకే మిమ్మల్ని పిలవడానికి వచ్చాను."

"రాసేముందు పిలుస్తారనుకుంటాను నేను. ఎప్పుడూ రాసింతర్వాతే పిలుస్తారు." ఇలా అంటూనే గొడుగు అందుకుంది.

ఊరి దగ్గర బస్సు దిగి కాలవగట్టు మీద నడుస్తున్నప్పుడు ఆవిడ నాకు అర్థమయ్యేలా చెప్పిన సంగతి ఇది. ఆ రోజుల్లో వరిలో కొట్టే కలుపు మందు టూ ఫోర్ డీ. అది గడ్డిజాతిని పెద్దగా ఏమీ చెయ్యదు, వరి కూడా గడ్డిజాతే కాబట్టి బతుకుతుంది. వెడల్పాకు మొక్కలు మాత్రం మెలికలు తిరిగి చస్తాయి. మినుము వెడల్పాకుదే. కాబట్టి ఊళ్ళోవాళ్ళ అనుమానం పిచ్చిదేమీ కాదు. అయితే నేలలో పడిన మందు అలా కూర్చుని ఉండదు. తడీ వెచ్చదనమూ ఉన్న మట్టిలో కొన్ని రకాల సూక్ష్మజీవులు దాన్ని ముక్కలు చేసి తినేస్తాయి. మొదటిసారి పడ్డప్పుడు కాస్త తటపటాయిస్తాయి. అంతకుముందు ఏటికేడు ఆ మందు రుచి చూసిన నేల అయితే, ఇంకా తొందరగా తినేస్తాయి.

"విషాన్ని తింటాయా?" అన్నాను.

"మనకు విషం. వాటికి ఫలహారం. భాద్రపదంలో కొట్టిన మందు పుష్యమాసం దాకా ఆ నేలలో ఉంటుందంటే నాకు నమ్మకం లేదు. నా నమ్మకంతో పని లేదు కదా, చూద్దాం."

చేను గట్టు మీద కౌలురైతు నిలబడి ఉన్నాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి, ఎముకల గూడు. పక్కన భార్య, మా కోసమని తెచ్చిన మజ్జిగ చెంబుతో. శాస్త్రవేత్త "మీరు ఎన్నేళ్ళ నుంచి చేస్తున్నారు ఈ చేను?" అని అడిగితే, అతను వెనక్కి తిరిగి చూశాడు. మీరు అన్నది తననేనని తెలియడానికి కాస్త సమయం పట్టింది.

"మా నాయన కాణ్ణించండి. మా నాయన పోయింతర్వాత నేనండి. ఇప్పుడు ఉగాదికి ఖాళీ చెయ్యమంటన్నారండి ఆసామిగారు. ఈ చేను పోతే పోయిందండి. ఇంకొకళ్ళు ఇవ్వాలి కదండి. నేల సంపినోడు అని పేరు పెట్టారండి నాకు. ఎవురిస్తారు?"

భార్య అందుకుంది: "మీ పేపర్లో కూడా ఏశారంటగా బాబుగారూ? మొన్న ఆదివారం ప్రార్థనప్పుడు గుళ్ళో కూడా మా పక్కన కూచోలా ఎవరూ."

నేను మజ్జిగ తాగాను. తాగకపోతే ఏదో ఒకటి చెప్పాల్సి వచ్చేది.

మా ప్రాంతంలో మినుము వెయ్యడం వేరే చోట్లలా కాదు. వరి కొయ్యడానికి మూడు నాలుగు రోజుల ముందే, నిలబడి ఉన్న చేలోనే మినుములు చల్లేస్తారు. నేలలో మిగిలిన పదునుకే మొలిచి, మంచుకే పెరిగి, పైన ఒక్క చుక్క నీళ్ళు లేకుండా పండుతుంది. దుక్కి ఉండదు, ఎరువు ఉండదు. కౌలురైతుకి వరిలో మిగిలేది ఏదీ ఉండదు కాబట్టి ఆ మినుమే అతని సంవత్సరం. ఆ చేలో ఆ సంవత్సరం, నేలకి జానెడెత్తున మెలికలు తిరిగి ఉంది. చివరి ఆకులు గిన్నెల్లా ముడుచుకుని, ఈనెలు లాగేసినట్టు కోసుగా సాగాయి.

ఆవిడ గొడుగు నాకిచ్చి చేలోకి దిగింది. ఒక మొక్క పీకి అడుగు నుంచి పైకి చూసింది. ఇంకొకటి పీకింది. తర్వాత వరి కుప్ప వేసిన మూలకి వెళ్ళి, కుప్ప వెనక వంగి, చాలాసేపు లేవలేదు.

"అడుగాకులు చూడండి" అంది వచ్చి. "శుభ్రంగా ఉన్నాయి. నేలలో విషముంటే మొలకే సరిగ్గా లేవకూడదు. ఇవి బాగా మొలిచి, బాగా పెరిగి, తర్వాత ఎప్పుడో చెడ్డాయి. కుప్ప వెనక ఉన్నవైతే అసలు చెడలేదు." కౌలురైతు వైపు తిరిగింది. "మినుము మీద ఏమన్నా కొట్టారా?"

"లద్దె పురుగు పడితే పురుగు మందు కొట్టానండి. అందరూ కొట్టిందేనండి. అందరి చేలూ బాగానే ఉన్నయ్యి."

"కుప్ప వెనక కొట్టలేదు కదూ?"

"అక్కడికి మందు కొట్టే డబ్బా గొట్టం అందదండి."

ఆవిడ తలూపి, పీకిన మొక్కలు రెండూ సంచిలో పెట్టుకుంది. ఆవిడకు అనుమానం వచ్చిందని నాకు తెలిసింది. దేని మీదో తెలియలేదు.

ఆసామి ఇల్లు ఊరి మధ్య, ఎత్తైన అరుగులతో ఉంది. ఆయన మర్యాదస్థుడు. కాఫీ ఇప్పించాడు. ఆవిడ చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళినప్పుడు నా చెవి దగ్గరకు వంగాడు.

"ఆవిడా ఆ కౌలువాళ్ళ గుడికే వెళ్తుందట కదండీ? అంటే, మరేం లేదు, పరీక్ష అంటున్నారు కదా అని."

నేను కాఫీ గ్లాసు కింద పెట్టేలోగానే గుమ్మం లోంచి ఆవిడ మాట వినిపించింది.

"అందుకే పరీక్ష నా దగ్గర వద్దండీ. మీ అరుగు మీదే చేద్దాం. మట్టి మీ పాలేరు చేత తెప్పించండి. నీళ్ళు మీవాళ్ళ చేతే పోయించండి. నేను ముట్టుకోను."

సంచిలోంచి మూడు పాలపొడి డబ్బాలు తీసింది. ఆ చేలో మట్టే మూడింటికీ. మొదటి దాంట్లో మట్టి ఉన్నదున్నట్టు పోసి దోసగింజలు వెయ్యాలి. దోస ఆ మందుకు మహా సుకుమారం, రవ్వంత ఉన్నా మెడ వంచేస్తుంది. రెండో దాంట్లో ఉన్నదున్నట్టు మట్టి పోసి, పైన కొత్తగా కలుపు మందు నీళ్ళు పొయ్యాలి. మూడో దాంట్లో కూడా అంతే మందు, కానీ మట్టిని ముందు బాగా కాల్చాలి. ఈ రెంటిలో గింజలు నెల దాటాకే వెయ్యాలి.

ఆసామి భార్య తలుపు దగ్గరకొచ్చింది. "కాల్చడమంటే?"

"పాత మూకుడు ఒకటి ఉంటే అందులో వేసి, పొగలు వచ్చేదాకా వేయించాలమ్మా."

"శనగలు వేయించమన్నారు, వేరుశనక్కాయలు వేయించమన్నారు. మట్టి వేయించమన్నవాళ్ళని నా కాపరంలో ఇదే చూడ్డం" అంది ఆమె. అన్నదే గానీ మూకుడు తెచ్చి, పెరటి పొయ్యి మీద తనే వేయించింది. ఆ మట్టిని తడపడానికి కాచి చల్లార్చిన నీళ్ళే వాడాలనీ, పైన గుడ్డ కట్టి ఉంచాలనీ చెబితే, "పురిటి మంచానికి కూడా ఇంత మడి లేదు" అంది.

"అందులో ఉన్నవాటిని చంపాం కదమ్మా. కొత్తవి రాకుండా చూడాలి."

ఇంతలో, డాక్టరమ్మ వచ్చిందని విని మోకాళ్ళ నొప్పులవాళ్ళు ముగ్గురు అరుగు కింద చేరారు. తను మట్టి డాక్టరునని ఆవిడ ఎంత చెప్పినా వాళ్ళు వినలేదు. చివరికి వేన్నీళ్ళ కాపడం పెట్టుకోమని చెప్పి పంపింది.

ఆ తర్వాత కాలమంతా నాకు ఎదురుచూపే. వారం తిరక్కుండానే మొదటి డబ్బాలో దోస లేచి, నిలువునా పెరుగుతోందని మా గ్రామీణ విలేకరి రాశాడు. ఆ సంగతి వార్తగా ఇస్తే, సబ్ ఎడిటర్ "దోసగింజ మొలిస్తే వార్త ఏమిటి గురువుగారూ, మొలవకపోతే వార్త" అని పక్కన పెట్టాడు. ఆయన అన్నది తప్పని ఇప్పటికీ అనలేను. మా పని అలాంటిది. చచ్చింది అన్న మాట రాత్రికి రాత్రి అచ్చవుతుంది. బతికే ఉంది అనడానికి మాత్రం స్థలం ఉండదు.

నెల దాటాక ఆవిడ చెప్పినట్టు మిగతా రెండు డబ్బాల్లోనూ దోసగింజలు వేశారు. ఉగాది ముందు వారంలో మేమిద్దరం మళ్ళీ వెళ్ళాం. ఆ పాటికి ఊరికి ఈ డబ్బాలు వినోదమైపోయాయి. ఆసామి అరుగు ముందు పాతికమందికి తక్కువ లేరు. కౌలురైతు దూరంగా, ఎద్దులబండి చక్రానికి ఆనుకుని నిలబడ్డాడు. భార్య రాలేదు. ఇంటి దగ్గర ప్రార్థన చేసుకుంటోందని ఎవరో అన్నారు.

ఆసామి భార్యే గుడ్డ తీసి చూపించింది. మొదటి డబ్బాలో దోసతీగ అరుగు స్తంభానికి పాకుతోంది. రెండో డబ్బాలో, అంటే మందు పోసిన పచ్చి మట్టిలో, లేత మొలకలు నిటారుగా ఉన్నాయి. మూడో డబ్బాలో, వేయించిన మట్టిలో, మొలకలు సగం లేచి, లేచినవి పురి తిప్పిన తాడులా మెలికపడి, మట్టి మీద వాలిపోయి ఉన్నాయి.

అందరూ డబ్బాల మీదికి వంగారు. ఒక ముసలాయన అడిగాడు: "రెంటికీ ఒకే మందేనా అమ్మాయ్?"

"నా చేత్తోనే కలిపాను, ఒకే గ్లాసుతో పోశాను" అంది ఆసామి భార్య, శాస్త్రవేత్త కంటే ముందే.

"మరి దీంట్లో మందు ఏమైపోయింది?"

"మట్టిలో ఉన్నవి తినేశాయండీ" అంది శాస్త్రవేత్త. "వేయించిన మట్టిలో తినేవి లేవు. అందుకని మందు అలాగే ఉంది. ఆ చేను చావలేదు. చచ్చిన మట్టి ఎలా ఉంటుందో ఈ మూడో డబ్బాలో చూడండి."

ఆసామి తెలివైనవాడు. డబ్బాలు చూశాడు, గడ్డం నిమురుకున్నాడు, అందరూ అడగవలసిన ప్రశ్న ఆయనే అడిగాడు.

"బాగానే ఉందమ్మా. నేల మంచిదే. అయితే మినుము ఎందుకు మాడింది?"

"ఆ పురుగు మందు ఏ డబ్బాతో కొట్టారో ఆ డబ్బా చూపిస్తారా?"

ఆ డబ్బా ఆసామిదే. చేనుతో పాటు ఇత్తడి స్ప్రేయరు కూడా వాడుకోనివ్వడం అక్కడి కౌలు పద్ధతి. పాలేరు తీసుకొచ్చాడు. తళతళలాడుతోంది. నడుముకి పసుపు, మూడు చోట్ల కుంకుమబొట్లు, చెరిగీ చెరగనట్టు. దసరాకి ఆయుధపూజలో పెట్టింది. నాగలి, కొడవలి, స్ప్రేయరు, అన్నీ చింతపండుతో తోమి, బొట్లు పెట్టి, వరసగా పెడతారు. అలా పూజ చేసిన సామాను మళ్ళీ పనిలోకి వెళ్ళేదాకా ఎవరూ తెరవరు, కడగరు.

ఆవిడ మూత తిప్పి వాసన చూసి, నా ముందుకు తోసింది. కాలిన కార్బాలిక్ సబ్బులాంటి ఘాటు. మందుల కొట్ల ముందు నిలబడినవాడికి ఎవరికైనా తెలిసే కలుపు మందు వాసనే.

"వరిలో కలుపు మందు కొట్టాక దీన్ని ఎవరు కడిగారు?"

పాలేరు ఆసామి వంక చూశాడు. అప్పుడు ఎద్దులబండి దగ్గర్నుంచి కౌలురైతు గొంతు వినిపించింది. పెద్దగా ఏమీ కాదు.

"కాలవలో ముంచి, గొట్టం ఊడదీసి కడుక్కొస్తానన్నానండి. అయ్యగారే అన్నారండి, పూజకి టైమవతంది, పైన తోమితే చాల్లే, తెచ్చెయ్యమని."

ఆసామి పైపంచె సర్దుకున్నాడు. కాదని మాత్రం అనలేదు.

ఆవిడ స్ప్రేయరులో చెంబెడు నీళ్ళు పోయించి, బాగా ఊపించి, గొట్టంలోంచి ఆ నీళ్ళు రెండో డబ్బాలోని నిటారు మొలకల మీద చల్లించింది. మాకు భోజనాలు అక్కడే పెట్టారు. గోంగూర పచ్చడి, ముద్దపప్పు. ఎవరూ సరిగ్గా తినలేదు. మధ్యాహ్నమంతా అరుగు ముందు మనుషులు వచ్చి చూసి పోతూనే ఉన్నారు. పొద్దువాలేసరికి మొలకలు ఒక్కొక్కటే మెడ వంచాయి.

"రబ్బరు గొట్టం, తోలు వాషరు మందుని పీల్చి దాచుకుంటాయి" అంది ఆవిడ. "ఇత్తడిలో సూక్ష్మజీవులు ఉండవు కదండీ తినడానికి."

ముసలాయన నవ్వాడు. "అయితే బొట్టు పెట్టి విషం కొట్టామన్నమాట."

నలుగురూ నవ్వారు. ఆసామి నవ్వలేదు. కౌలురైతు కూడా నవ్వలేదు. తిరుగు బస్సులో మాత్రం నేను చాలా ఉత్సాహంగా ఉన్నాను. ఆవిడ కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది.

"గెలిచాం కదండీ" అన్నాను.

"మట్టి గెలిచింది" అంది కళ్ళు తెరవకుండానే. "ఆయన సంగతి చూడాలి."

నేను రాసిన వార్త మూడు కాలమ్‌లకు సరిపోయేది. ఆ వారం న్యూస్‌ప్రింటు కొరత. కోసి కోసి, సినిమా ప్రకటన కింద ఒక మూల "ఆ నేల మంచిదే" అని వేశారు. బలి అన్న మాటకి వాడిన అక్షరాల సైజులో ఇది సగం కూడా లేదు.

ఉగాది తర్వాత మా గ్రామీణ విలేకరి ఏదో పని మీద ఆఫీసుకొచ్చినప్పుడు అడిగాను. అతను నా వంక జాలిగా చూశాడు.

"ఇంకా ఎక్కడున్నారు గురువుగారూ? చేను వేరే అతనికిచ్చారు. మందుకి చెడని నేల అని మన పేపర్లోనే వచ్చిందిగా, పై ఊరి నుంచి కూడా వచ్చి ఎక్కువ కౌలుకి అడిగారు."

"అదేమిటయ్యా, అతని తప్పేమీ లేదని తేలిందిగా!"

"తేలింది. ఆసామి కూడా ఒప్పుకున్నాడు. పదిమందిలో నన్నలా అన్నవాడి మొహం రోజూ ఎలా చూడమంటారు అన్నాడు."

నేలకి మంచిపేరు తిరిగొచ్చింది. దానితో కౌలు పెరిగింది. అన్నేళ్ళూ దాన్ని చేసినవాడు అందుకోలేనంత పెరిగింది. ఇందులో ఎవర్ని తిట్టాలో నాకు ఆ రోజూ తెలియలేదు. ఆ సంగతి శాస్త్రవేత్తకి ఫోన్లో చెప్పాను. "నా పరీక్షలో మనుషుల కోసం నాలుగో డబ్బా లేదండీ" అని పెట్టేసింది.

రెండేళ్ళ తర్వాత, లారీల సమ్మె గురించి రాయడానికి ఆటోనగర్ వెళ్ళాను. లారీల బాడీలు కట్టే ఒక షెడ్డులో, ముక్కుకి తువ్వాలు కట్టుకుని ఒకతను లారీ తలుపుకి పచ్చరంగు కొడుతున్నాడు. నన్ను చూసి తువ్వాలు దించాడు. ఆ కౌలురైతే. ఒళ్ళు కాస్త చేసింది. వేళ్ళ సందుల్లో రంగు.

"ఇల్లు కూడా ఇక్కడేనండి, పటమట్లో. మా ఆవిడకి ఇక్కడి గుడి బాగుందండి. ఊరు ఎళ్ళటం లేదండి."

ఆ చేను ఎలా ఉందో తెలుసా అని అడిగాను. అడిగిన క్షణమే నాలుక కరుచుకున్నాను.

"బెమ్మాండంగా ఉందంటండి. మినుము మోకాలెత్తు లేచిందంట" అన్నాడు. గొంతులో ఏ మెలికా లేదు. తన సొంత చేను గురించి చెప్పినట్టే చెప్పాడు.

అవతల్నించి మేస్త్రీ అరిచాడు: "ఏందయ్యా కబుర్లు? ఎరుపు ఎక్కించు, బండి సాయంత్రానికి పోవాలి!"

"ఒస్తన్నా."

అతను రంగు కొట్టే గన్ను ఊడదీసి, గొట్టం విప్పి, కిరసనాయిల్లాంటిదేదో పోసి ఊపి పారబోశాడు. మళ్ళీ పోశాడు. వాషరు తీసి గుడ్డతో తుడిచి, వెలుతురుకి ఎత్తి చూసి, ఇంకోసారి కడిగాడు.

"చాల్లే, పైన తుడిచి ఎక్కించెయ్ అన్నానా!" మేస్త్రీ మళ్ళీ అరిచాడు.

అతను తల ఎత్తలేదు. నాతో మెల్లిగా అన్నాడు.

"మట్టయితే దానిపాటికది కడుక్కుంటదండి. ఇది కడుక్కోలేదు."

అని, నాలుగోసారి కడిగాడు.